లైన్లోనే ఉంటాది, చిన్నాయనా

"—కొత్త వైరంటావు, కొత్త డబ్బా అంటావు, మొన్న కూడా ఇదే పాట పాడితివి గదరా! బిల్లు కొట్టేటప్పుడు నెట్టు పోతే, వచ్చిన గిరాకీకి నీ మొహం చూపించేదా నేను?"

"నేను వచ్చి చూసినప్పుడంతా బాగుండాదే, సెట్టియారే."

"నువ్వు వచ్చినప్పుడు బాగుంటాది. నువ్వు మెట్లు దిగినాక పోతాది. నీకూ దానికీ ఏమన్నా ఒప్పందం ఉండాదా ఏంది?"

ఎవరో నవ్వారు. పక్క కొట్లో కౌముది స్టీలు గిన్నెల దొంతర్ల వెనక, గల్లా బల్ల కింద మోకాళ్ళ మీద కూర్చుని ప్రింటర్ తీగ సరిచేస్తోంది. రెండు కొట్ల మధ్య గోడ పైకప్పు దాకా పోదు. గాలి కోసం వదిలిన సందులోంచి అవతలి మాటలన్నీ ఇటు వినిపిస్తాయి.

"కౌముది ఆ పొద్దే చెప్పింది నాకు," అన్నాడు సుబ్రమణ్యం గోడకవతల. "తప్పు లైన్లోనే ఉండాదని. అది చదువుకున్న మనిషి. నువ్వేం చదివినావు?"

"అక్క చెప్తే సరిగానే ఉంటాది," అన్నాడు నెట్టు లైన్లు చూసే ఏలుమలై. "ఇంకోసారి పైకెక్కి చూస్తా."

కౌముది చేతిలో తీగ అలాగే ఉండిపోయింది. ఆ మాట తను అన్నదే. దీపావళి అయిన వారం, చిన్నాయన కొట్లోంచి బయటికొస్తూ, ఒక కాలికి చెప్పు వేసుకుని రెండోదాని కోసం కాలితో వెతుక్కుంటూ, "లైన్లోనే ఉంటాది, చిన్నాయనా" అంది. చూసి చెప్పిన మాట కాదు. అప్పుడు ఇంకో కొట్టువాళ్ళు పిలుస్తున్నారు.

పుదుచ్చేరి పెద్ద మార్కెట్ వెనక ఉన్న ఆ వీధిలో కౌముది పేరు తెలియని కొట్టు లేదు. నలభై దాటిన మనిషి. తండ్రికి అక్కడే కాగితాల కొట్టు ఉండేది. ఆయన పోయాక అది మూతపడింది. తండ్రి తమ్ముడు సుబ్రమణ్యం, ఇత్తడి దీపాలూ పూజ సామాన్లూ అమ్మే ఆయన, అన్న కూతుర్ని కంప్యూటర్ క్లాసులో చేర్పించాడు. వీధిలోకి మొదటి కంప్యూటర్ వచ్చింది ఆయన కొట్లోకే. దాని మీద మొదటి బిల్లు కొట్టింది కౌముది. ఆ బిల్లును ఆయన చాలా రోజులు అద్దం కింద పెట్టుకుని వచ్చినవాళ్ళకు చూపించాడు. తర్వాత ఒకరిని చూసి ఒకరు కొన్నారు. కొన్నవాళ్ళంతా ఏదో ఒక వరసలో చుట్టాలే. అందరూ తెలుగు మాట్లాడతారు, చదవడం మాత్రం ఎవరికీ రాదు, కౌముదికి కూడా. ఆ వీధిలో బిల్లులు ఇంగ్లీషులో, లెక్కలు తమిళంలో, తిట్లు తెలుగులో నడుస్తాయి.

ఆమె కాపురం గోరిమేడులో. పొద్దున్నే వంట ముగించి, భర్త రఘునాథన్ తట్టాంచావడిలో తను పనిచేసే అట్టపెట్టెల ఫ్యాక్టరీకి బయల్దేరాక, స్కూటర్ మీద వీధికి వస్తుంది. ఎవరు పిలిస్తే వాళ్ళ కొట్లోకి వెళ్తుంది. చేతిసంచిలో ఒక స్క్రూడ్రైవరు, దుమ్ము దులపడానికి పెయింటు బ్రష్షు, గుడ్డలో చుట్టిన ఒక డిస్కు ఉంటాయి. ఆ డిస్కుకు రఘునాథన్ పెట్టిన పేరు 'తోడు'.

వీధిలో కంప్యూటర్లన్నీ ఒకే రకానివి. అందరూ కలిసి బేరమాడి ఒక్కచోటే కొన్నారు. అందుకని కౌముది ఇంట్లో ఒకదాన్ని తీరిగ్గా సిద్ధం చేసేది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, తమిళ అక్షరాలు, ప్రింటర్, ఏది ఎక్కడ ఉండాలో అక్కడ పెట్టి, మొత్తాన్ని డిస్కులోకి ఎత్తుకుని, కొట్టు కొట్టుకూ తీసుకెళ్ళి దించేది. ఒక గిన్నెలోని పెరుగుతో ఇంటింటి పాలూ తోడుకున్నట్టు, ఒకచోట కుదిరింది అన్నిచోట్లా కుదిరేది. ఇంకెవరూ ఇలా చేయరని ఆమెకు తెలుసు. ఆ సంగతి ఆమెకు ఇష్టంగానే ఉండేది.

దీపావళికి ముందు, కంప్యూటర్లలోని ఆపరేటింగ్ సిస్టమ్ పాతబడిందనీ, ఇక దానికి రక్షణ ఉండదనీ తెరల మీద హెచ్చరికలు మొదలయ్యాయి. కౌముది కొత్త సిస్టమ్‌తో కొత్త తోడు తయారుచేసి అన్నిటికీ ఎక్కించింది. ఎక్కించేటప్పుడు చిన్నాయన మాట ఒకటి గుర్తు పెట్టుకుంది. ఆ ఊళ్ళో మధ్యాహ్నం ఒంటిగంటకు కొట్లు మూస్తారు. ఇంటికి వెళ్ళి, తిని, కునుకు తీసి నాలుగింటికి తెరుస్తారు. షట్టర్లు దించుతారు కాని కంప్యూటర్లు ఆపరు, మళ్ళీ లేవడానికి ఆలస్యమని. "మనిషి లేని కొట్లో కూర్చోని కరెంటు తింటా ఉండాది, దానికేమన్నా చెయ్యి" అని సుబ్రమణ్యం ఎప్పటినుంచో అంటున్నాడు. అందుకని ఎవరూ ముట్టుకోకపోతే కాసేపటికి లోపల ఆపగలిగినవన్నీ ఆగిపోయేలా కౌముది పెట్టింది. చిన్నాయన సంతోషించాడు.

దీపావళి తర్వాత నెట్టు పోవడం మొదలైంది.

బిల్లు కొట్టబోతే ఉండేది కాదు. కౌముదిని పిలిస్తే ఆమె వచ్చి, కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసేది, నెట్టు వచ్చేది. ఏలుమలైని పిలిస్తే అతను కూడా ముందు అన్నీ ఆపి మళ్ళీ వేసేవాడు. వచ్చేది. ఇద్దరూ వెళ్ళాక, గిరాకీ లేని వేళ చూసుకుని మళ్ళీ పోయేది.

ఏలుమలైది వీరాంపట్టినం. తండ్రి సముద్రం మీద బతికాడు, అతను మిద్దెల మీద బతుకుతున్నాడు. మొదట టీవీ తీగలు లాగేవాడు, తర్వాత ఇంటర్నెట్టు తీగలు. తెలుగు అతనికి ఈ వీధిలోనే వచ్చింది. అతని లైన్లలో సగం పైగా ఈ వీధివే, మిగతావి అక్కడక్కడా ఇళ్ళలో. వీధి పోతే మిగిలినవాటితో నడపలేడని అందరికీ తెలుసు. ఒక పెద్ద కంపెనీ ఏజెంటు కొంతకాలంగా వచ్చి సుబ్రమణ్యం కొట్లో కూర్చుని కాఫీ తాగి పోతున్నాడు. ఈ గొడవ ఇలాగే ఉంటే కార్తీక దీపం పండగ లోపల వీధి మొత్తం ఆ కంపెనీకి మారిపోదామని సుబ్రమణ్యం అందరితో అన్నాడు. వీధికి పెద్ద ఆయనే. ఆయన మారితే అందరూ మారతారు.

కౌముది ప్రింటర్ తీగ బిగించి బల్ల కిందినుంచి లేచింది. స్టీలు కొట్టు ఆదిమూలం బిల్లు కొడుతూనే, "మీ చిన్నాయన పొద్దున్నే పూజ మొదలుపెట్టినాడు, ఇన్నావా?" అన్నాడు.

"ఇన్నా మామా."

"నా కొట్లో ఏమో అంత పోవడంలేదు. ఒకటి రెండు తూర్లు పోయింది. నా అదృష్టం."

కౌముది సంచి తీసుకుంది. అదృష్టం అన్న మాట మీద ఆమె ఆగలేదు.

ఆ రోజు వాన. తాయారమ్మ కొట్టు వీధి చివర ఉంటుంది, అప్పడాలూ వడియాలూ ఊరగాయలూ అమ్మే చిన్న కొట్టు. వానకు గిరాకీ లేదు. తాయారమ్మ ఎత్తుపీట మీద కూర్చుని, ఫోను ఊరగాయ జాడీకి ఆనించి సీరియల్ చూస్తోంది. పక్కన కంప్యూటర్ తెర మీద నెట్టు లేదన్న గుర్తు.

"రా పాపా. మళ్ళీ చచ్చింది నీ పెట్టె."

"నా పెట్టె కాదు పెద్దమ్మా, లైను."

"ఏందో. ఉండు, మాట్లాడించొద్దు. ఈ కోడలు పాలల్లో ఏదో కలుపుతా ఉండాది."

కౌముది తడిసిన గొడుగు బయట పెట్టి వచ్చింది. ఫోనులో కోడలు పాలగ్లాసు పట్టుకుని మెట్లెక్కుతోంది. మెట్లు తరగడం లేదు. కౌముది ఫోను వైపు చూసి, కంప్యూటర్ వైపు చూసి, మళ్ళీ ఫోను వైపు చూసింది.

"నీ ఫోన్లో నెట్టు యాడిది పెద్దమ్మా? సిమ్ముదా?"

"సిమ్ములో యాడుండాది, అదెప్పుడో అయిపోయె. ఏలుమలై డబ్బాదే. వాడే పెట్టిచ్చి పోయినాడు."

"మధ్యలో ఆగలేదా?"

"ఆగితే నేను ఊరుకుంటానా? వాడి ఇంటికి పోయి కూర్చోనుంటా."

అటక మీద ఏలుమలై డబ్బా ఆకుపచ్చ దీపాలతో వెలుగుతోంది. కొట్లలో ఎలుకలు తీగలు కొరుకుతాయని కౌముది అన్ని కంప్యూటర్లకూ తీగ తీసేసి, వెనక బొటనవేలంత డాంగిల్ గుచ్చింది. డబ్బా నుంచి వచ్చే వైఫైని కంప్యూటర్ దానితోనే పట్టుకుంటుంది. ఒకే డబ్బా. ఫోనుకు నెట్టు వస్తోంది, కంప్యూటర్‌కు రావడం లేదు.

ఆమె డాంగిల్ పీకి మళ్ళీ గుచ్చింది. నెట్టు వచ్చింది. అప్పుడు స్టూలు లాక్కుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, దేన్నీ ముట్టుకోకుండా కూర్చుంది.

"ఏం పాపా, పటం ముందర కూర్చున్నట్టు కూర్చున్నావు?"

"చూస్తా ఉండా."

"నాకు మాదిరే నీకూ సీరియల్ కావాల్నా?"

కాసేపటికి తెర నల్లబడింది. కౌముది మౌసు కదిపింది. తెర వెలిగింది. నెట్టు లేదు. వంగి వెనక చూస్తే డాంగిల్ మీది చిన్న నీలం దీపం వెలగలేదు. కంప్యూటర్ లేచింది, అది లేవలేదు.

సెట్టింగులు తెరిచి లోపలికి వెళ్ళింది. కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అన్న వాక్యం పక్కన టిక్కు ఉంది. అది తను పెట్టినదే. పాత సిస్టమ్‌లో అయితే ముట్టుకోగానే అన్నీ కలిసి లేచి ఉండేవి. కొత్తదానిలో ఇది లేవదు. టిక్కు తీసేసి మళ్ళీ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తెర నల్లబడింది. మౌసు కదిపింది. నెట్టు ఉంది. ఇంకోసారి చూసింది. ఉంది.

ఆదిమూలం కొట్లో గిరాకీ ఎప్పుడూ ఉంటుంది, కంప్యూటర్‌కు నిద్రపోయే వ్యవధి లేదు. చిన్నాయన కొట్లో, తాయారమ్మ కొట్లో, వానకు గిరాకీ పలచబడ్డ అన్ని కొట్లలో అది నిద్రపోతూ ఉంది. ఇన్ని రోజులు ఈ సంగతి తన కళ్ళ ముందే ఉంది.

"ఏమైందంట?" అంది తాయారమ్మ, సీరియల్‌కు విరామం వచ్చాక.

"సరిపోయింది పెద్దమ్మా."

"ఏలుమలై తప్పేనా?"

కౌముది బ్రష్షు సంచిలో పెట్టుకుంటోంది. "చూడాల ఇంకా," అంది.

అది అబద్ధం కాదని ఆమె వీధి సగం దాకా తనకు తాను చెప్పుకుంటూ వచ్చింది. మిగతా కంప్యూటర్లు చూడలేదు కదా, చూస్తే గదా తెలిసేది. కానీ మిగతావన్నీ అదే డిస్కు నుంచి దిగినవి. చూడనవసరం లేదు.

సుబ్రమణ్యం కొట్టు ముందుకు వచ్చేసరికి పైనుంచి, "అక్కా!" అని పిలుపు వినిపించింది. మిద్దె అంచున ఏలుమలై, ప్లాస్టిక్ సంచి తలకు కట్టుకుని, భుజాన కొత్త తీగ చుట్టతో నిలబడి ఉన్నాడు. అవతలి మిద్దె మీద ఇంకో మనిషి తీగ కొస పట్టుకుని ఉన్నాడు. వాన సన్నగా పడుతూనే ఉంది.

"మొత్తం మారుస్తా ఉండా అక్కా! ఈ కొస నుంచి ఆ కొస దాకా. ఇంక ఒక మాట రాదు మీకు!"

కింద పందిరి నీడలో సుబ్రమణ్యం చేతులు వెనక్కి కట్టుకుని పైకి చూస్తున్నాడు. పక్కన ఇద్దరు కొట్టువాళ్ళు. సుబ్రమణ్యం కౌముదిని చూసి తల ఊపాడు, నువ్వు చెప్పినట్టే చేయిస్తున్నాను అన్నట్టు.

కౌముది నోరు తెరిచింది. పైకి చూస్తే వాన చినుకులు కళ్ళలో పడ్డాయి.

"జారతాది, చూసి," అంది.

స్కూటర్ తీసుకుని గోరిమేడు వెళ్ళిపోయింది.

సాయంత్రం రఘునాథన్‌కు చెప్పింది. అతను చొక్కా తీసి కొక్కేనికి తగిలిస్తూ మొత్తం విన్నాడు.

"రేపు పోయి చెప్పెయ్."

"చెప్తే ఏమంటారు? అంగళ్ళ వాళ్ళంతా నన్నే నమ్ముకున్నారు. అన్నాసాలైలో కంప్యూటర్ల షోరూం పెట్టినోడు, నేనెప్పుడు జారతానా అని చూస్తా ఉండాడు."

"ఏలుమలై కూడా అంగళ్ళ లైన్లనే నమ్ముకున్నాడు."

"నాకు తెలీదా? ముందు అన్నీ సరిచేస్తా. సరిచేసినాక నిదానంగా చెప్తా."

"సరిచేసినాక ఇంక చెప్పేదానికి ఏముంటాది?" అన్నాడు రఘునాథన్. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. ఆమె వడ్డిస్తే తిన్నాడు, బాగుందని కూడా అన్నాడు. తిట్టి ఉంటే ఆమెకు సులువుగా ఉండేది.

మర్నాటి నుంచి కౌముది పిలవని కొట్లకు కూడా వెళ్ళింది. వైరస్ ఉందేమో చూడాలి అనేది. అందరూ లేచి కుర్చీ ఇచ్చేవారు. సెట్టింగు తెరిచి టిక్కు తీసి, ఇంకేదో చేస్తున్నట్టు తెర మీద రెండు మూడు కిటికీలు తెరిచి మూసేది. ఒకాయన కాఫీ తెప్పించాడు. కడుపులో బాగులేదని చెప్పి తాగలేదు. ఇంకో కొట్లో, "పిలవకుండానే వస్తా ఉండావు, నీ మాదిరి మనిషి ఈ కాలంలో ఎవరమ్మా" అన్నారు. ఆ కొట్లో పని ముగిశాక ఆమె బయటికి వచ్చి, సంచి మరిచిపోయి, మళ్ళీ లోపలికి వెళ్ళాల్సి వచ్చింది.

అన్ని కొట్లూ అయ్యేసరికి ఏలుమలై కొత్త తీగ లాగడం కూడా అయింది. నెట్టు నిలబడింది.

తన పని ఏలుమలైని కాపాడుతుందని కౌముది అనుకుంది. నెట్టు బాగుంటే ఎవరూ మారరు. కార్తీక దీపం వస్తుంది, పోతుంది, ఏజెంటు ఇంకో వీధి చూసుకుంటాడు. చెప్పకపోయినా అప్పటికి ఎవరికీ నష్టం ఉండదు. రాత్రులు ఈ లెక్క వేసుకుంటేనే నిద్ర వచ్చేది.

రెండు రోజులయ్యాక సుబ్రమణ్యం ఆమెను కొట్లోకి పిలిచి కూర్చోమన్నాడు.

"చూసినావా? వైరు మార్చినాడు, నిమ్మళంగా ఉండాది. అంటే ఏంది దానర్థం? ఇన్నాళ్ళూ కుళ్ళిపోయిన వైరు మన నెత్తిన పెట్టి ఏడిపించినాడు. అడిగితే, నేను వచ్చినప్పుడంతా బాగుండాదే అంటాడు! నువ్వు చెప్పకుంటే నేను ఇంకా నమ్మతా ఉండేవాణ్ణి."

"చిన్నాయనా, ఇప్పుడు బాగుంది గదా, ఇంక..."

"బాగుండేదానికి అరిచేదాకా పోవాల్నా? అరిస్తేనే పనిచేసేవాడు మనకెందుకు? ఆదివారం మధ్యాహ్నం కొట్లు మూసినాక అందరూ మా మిద్దె మీదకు రాండి. ఏదో ఒకటి తేల్చేద్దాం."

కౌముది దీపపు కుందుల వరసను చూస్తూ కూర్చుంది. టిక్కులు తీయకుండా ఉండి ఉంటే, కొత్త తీగ వేసినా నెట్టు పోతూనే ఉండేది. తప్పు తీగది కాదని ఏలుమలైకి కాస్తయినా సాక్ష్యం ఉండేది. ఆ సాక్ష్యాన్ని తనే కొట్టు కొట్టుకూ తిరిగి తుడిచేసింది.

బయటికొస్తే స్కూటర్ దగ్గర ఏలుమలై నిలబడి ఉన్నాడు. అరచేతికి గుడ్డ కట్టు ఉంది, తీగ లాగేటప్పుడు కోసుకుంది.

"అక్కా, మీకోసమే చూస్తా ఉండా. మీరు మొదటే చెప్పినారు లైన్లో ఉండాదని. నాకే బుద్ధి లేదు. పాత వైరు ముక్కలు ముక్కలు కోసి చూసినా, బాగానే కనపడె. అయినా లోపల యాడో ఉండే ఉంటాది, లేకుంటే ఇప్పుడెట్ట నిలబడింది?"

"ఏలుమలై, పాత వైరు బాగానే ఉన్నింది."

అతను నవ్వాడు. "నా మనసు కోసం చెప్తా ఉండారు మీరు. వద్దక్కా, తప్పు నాదే. సెట్టియారు దగ్గర మాత్రం ఒక మాట చెప్పండి. వాడికి ఇప్పుడు బుద్ధి వచ్చింది, ఇంక సరిగా చూసుకుంటాడని చెప్పండి. మీరు చెప్తే ఇంటారు."

వీధిలో జనం పోతున్నారు. ఎవరో హారన్ కొడితే ఇద్దరూ ఒక అడుగు పక్కకు జరిగారు.

"చెప్తా," అంది కౌముది.

ఆదివారం ఒంటిగంటకు షట్టర్లు ఒక్కొక్కటీ దిగాయి. సుబ్రమణ్యం మిద్దె మీది పొడుగాటి గదిలో చాపలు పరిచారు, పెద్దవాళ్ళకు కుర్చీలు వేశారు. తాయారమ్మ గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుంది. ఆదిమూలం ఇంటికి పోయి తినకుండా వచ్చినందుకు విసుగ్గా ఉన్నాడు. ఏలుమలైని కూడా రమ్మన్నారు. అతను ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి, మెట్ల దగ్గర గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరో కూర్చోమన్నారు గాని, పరవాలేదన్నాడు.

"సరి, తొందరగా కానీ బావా, ఆకలి," అన్నాడు ఆదిమూలం.

సుబ్రమణ్యం గొంతు సవరించుకున్నాడు. అప్పుడు కౌముది లేచింది. లేచాక ఏం చేయాలో తెలియనట్టు కొంగు సర్దుకుంది.

"చిన్నాయనా, ముందు నాదొక మాట."

"చెప్పు."

"లైన్లో తప్పు లేదు. కొత్త వైరు బాగుంది, పాతది కూడా బాగానే ఉన్నింది. నెట్టు పోయింది నా వల్ల."

ఆమె ఏలుమలై వైపు చూడకుండా, చాప అంచు వైపు చూస్తూ చెప్పుకుపోయింది. కొత్త సిస్టమ్ ఎక్కించినప్పుడు కరెంటు ఆదాకని తను ఒక టిక్కు పెట్టింది. కంప్యూటర్ ఖాళీగా ఉంటే వెనక ఉండే డాంగిల్ నిద్రపోతుంది, మళ్ళీ లేవదు. అన్నీ ఒకే డిస్కు నుంచి దించింది కాబట్టి అందరికీ అదే తప్పు పాకింది. వైరస్ చూడాలని వచ్చింది అబద్ధం, ఆ టిక్కు తీయడానికే వచ్చింది. అందుకే నెట్టు నిలబడింది.

"అయితే నా కొట్లో ఎందుకు ఎక్కువ పోలేదు?" అన్నాడు ఆదిమూలం.

"నీ కొట్లో గిరాకీ ఎక్కువ మామా. నిద్రపోయేదానికి దానికి టైం యాడుంది?"

"ఇన్నారా? నేను చెప్తే నమ్మరు, నా వ్యాపారం గురించి కంప్యూటరే చెప్తా ఉండాది!"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వగానే గది కొంచెం తేలికపడింది. "నా సీరియల్ ఆగలేదని నేను ఆ పొద్దే చెప్తిని," అంది తాయారమ్మ. "పోనీలే, తెలియక చేసింది, మన బిడ్డే గదా," అని ఇంకొకరు అన్నారు. "చిన్న టిక్కంట, దానికి ఇంత రాద్ధాంతం," అని మరొకరు అన్నారు.

"అక్కా," అన్నాడు ఏలుమలై గుమ్మంలోంచి.

అందరూ అటు తిరిగారు.

"నేను వానలో మిద్దె మీద ఉన్న పొద్దు, మీరు కిందనుంచి చూసినారే. అప్పటికి తెలుసా మీకు?"

కౌముది ఈసారి అతని వైపు చూసింది.

"తెలుసు."

అతను తల ఊపాడు. అరచేతి కట్టు అంచును రెండో చేతి వేళ్ళతో లోపలికి దోపుకున్నాడు.

"అయితే సరి," అన్నాడు ఆదిమూలం. "లైను బాగుంటే ఏలుమలై లైనే ఉంచుకుందాం. ఏం బావా? వాడి దగ్గర తప్పు లేదని తేలిపోయె గదా."

కిటికీలోంచి ఎదుటి మిద్దె మీదికి లాగిన కొత్త నల్లటి తీగ కనిపిస్తోంది. సుబ్రమణ్యం దాన్ని చూస్తూ మోకాలు రుద్దుకున్నాడు.

"నడివీధిలో వాణ్ణి నేను అన్న మాటలు మీరంతా ఇన్నారు," అన్నాడు చివరికి. "మీరూ తక్కువేం అనలేదు. రేపు నెట్టు పోతే, ఏమైందిరా అని వాణ్ణి అడిగేదానికి నాకు నోరొస్తాదా? అడగకుండా వ్యాపారం జరగతాదా? వాడికి మాత్రం మన మెట్లెక్కేటప్పుడు ఆ మాటలు గుర్తురావా?"

"చిన్నాయనా," అంది కౌముది, "తప్పు చేసింది నేను."

"నువ్వు కూర్చో."

ఆమె కూర్చోలేదు. ఆయన ఆమెను కూర్చోమని మళ్ళీ అనలేదు. కుర్చీ చేతుల మీద బరువు వేసి లేచి నిలబడ్డాడు. ఏలుమలై వైపు గాని, కౌముది వైపు గాని తిరగకుండా, చాపల మీద కూర్చున్న కొట్టువాళ్ళతో అన్నాడు.

"వచ్చే నెల మొదటి తేదీ నుంచి వీధిలో అందరికీ కంపెనీ లైను. కంప్యూటర్లు ఎప్పటి మాదిరి మన కౌముదే చూసుకుంటాది."